లీటరు పెట్రోలు కాలాక ఎక్కడికి పోతుంది?

అందరికీ నమస్కారం.

నేను చాలా ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ణి. భూమి వేడెక్కడం గురించి మాట్లాడమని ఎవరు పిలిచినా ఒక చిన్న లెక్కతోనే మొదలుపెడతాను. అది బుర్రకెక్కితే తర్వాత చెప్పబోయేదంతా తేలిగ్గా ఎక్కుతుంది.

లీటరు పెట్రోలును తూకం వేస్తే ముప్పావు కిలోకి ఇంకాస్త తక్కువే తూగుతుంది. 740 గ్రాములు అనుకుందాం. అదంతా ఇంజన్‌లో కాలాక బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ ఎంత బరువుంటుంది? క్లాసులో ఈ ప్రశ్న వేస్తే ఒకరు వంద గ్రాములంటారు, ఒకరు రెండొందలంటారు. కాలిపోయింది కదా, ఇంకేం మిగులుతుందని వాళ్ల ఉద్దేశం. జవాబు సుమారు 2.3 కిలోలు. పోసినదానికి మూడు రెట్లు!

ఈ అదనపు బరువు ఎక్కణ్ణుంచి వచ్చింది? గాల్లోంచి. ఆ 740 గ్రాముల్లో దాదాపు 640 గ్రాములు కార్బనే. కాలేటప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు గాల్లోని రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని పట్టుకుంటుంది. కార్బన్ బరువు 12, ఆక్సిజన్ బరువు 16. రెండు ఆక్సిజన్లు కలిస్తే 32. అంటే 12 కాస్తా 44 అవుతుంది. మా చిన్నప్పటి పుస్తకాల్లో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లు. లీటరు సీసాలో పట్టిన పెట్రోలు, కాలాక 1,200 లీటర్లకు పైగా జాగా ఆక్రమించే వాయువైపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ 2.3 కిలోలూ బూడిదలా బండి వెనకాలే రోడ్డు మీద రాలుతూ ఉంటే మనం ఏనాడో ఏదో ఒకటి చేసి ఉండేవాళ్లమని నాకు గట్టిగా అనిపిస్తుంది. కంటికి కనబడలేదు కాబట్టి పోయిందనుకున్నాం. అది ఎక్కడికీ పోలేదు. ఈ పూట నా మాటలన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

బొగ్గు, చమురు, గ్యాసు కాల్చడం వల్ల, సిమెంటు తయారీ వల్ల మనుషులు ఏటా వదులుతున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 3,700 కోట్ల టన్నుల దగ్గర ఉంది. అడవులు నరికి తగలబెట్టడం వల్ల వచ్చేది దీనికి అదనం. ఇందులో పావు వంతు సముద్రం కరిగించుకుంటుంది. మూడో వంతుకి కాస్త తక్కువ చెట్లూ నేలా తీసుకుంటాయి. మిగిలింది, అంటే సగానికి దగ్గర దగ్గరగా, గాల్లోనే ఉండిపోతుంది. అందులో కొంత వందల ఏళ్లు ఉంటుంది, కొంత వేల ఏళ్లు.

ఇక్కడ చాలామంది ఒక మంచి ప్రశ్న అడుగుతారు. గాల్లో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. కార్బన్ డయాక్సైడ్ చూస్తే 0.04 శాతం. ఇంత పిసరంత వాయువు అంత పెద్ద భూమిని ఎలా వేడెక్కిస్తుంది? నిజానికి ఈ విషయంలో ఆ 99 శాతానికి పాత్రే లేదు. ఎండ తగిలి వేడెక్కిన నేల, నీరు ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో పైకి వదులుతాయి. నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో రెండేసి పరమాణువులే ఉంటాయి, అవి ఆ కిరణాలను పట్టించుకోవు. మూడు పరమాణువులున్న కార్బన్ డయాక్సైడ్ అణువు అలా కాదు, అది ఆ కిరణాలు తగలగానే వంగుతూ లేస్తూ ఊగుతుంది. వేడిని పట్టుకుని మళ్లీ అన్ని దిక్కులకూ వదులుతుంది. అందులో కొంత కిందికి తిరిగొస్తుంది. నీటి ఆవిరి, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా ఇదే పని చేస్తాయి. ఇవేవీ లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు ఉండేది. ఇవి ఉండబట్టే అది 15 డిగ్రీల దగ్గర ఉంది, మనం బతుకుతున్నాం. కాబట్టి ఈ వాయువు విషమేమీ కాదు. ఎంత ఉందన్నదే అసలు విషయం.

ఇది నిన్నగాక మొన్న కనిపెట్టిన సంగతి అనుకునేవాళ్లున్నారు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ రెండు గాజు గొట్టాలు, నాలుగు థర్మామీటర్లు, గాలి తోడే పంపు తీసుకుని ఇంటి స్థాయి ప్రయోగం చేసింది. కార్బన్ డయాక్సైడ్ నింపిన గొట్టం ఎండలో మిగతావాటి కంటే ఎక్కువ వేడెక్కింది, నీడలో పెట్టాక చల్లారడానికి ఎక్కువసేపు తీసుకుంది. గాల్లో ఈ వాయువు ఎక్కువగా ఉండి ఉంటే భూమి మరింత వేడిగా ఉండేదని ఆవిడ అప్పుడే రాసింది. ఆ ఏడాది శాస్త్రవేత్తల సభలో ఆ పత్రాన్ని ఆవిడ చదవలేదు, ఆవిడ తరఫున జోసెఫ్ హెన్రీ అనే ఆయన చదివాడు. తర్వాత 150 ఏళ్ల పాటు ఆవిడ పేరు దాదాపు ఎవరికీ గుర్తులేదు. అందుకే నేను ప్రతి సభలోనూ ఆ పేరు చెబుతాను. మూడేళ్ల తర్వాత, 1859లో, జాన్ టిండాల్ లండన్‌లో పరారుణ కిరణాలను విడిగా కొలిచి ఏ వాయువు వాటిని ఎంత పట్టుకుంటుందో లెక్కలతో తేల్చాడు. 1896లో స్వాంటె అరీనియస్ కాగితం మీద నెలల తరబడి లెక్కలు కట్టి, ఈ వాయువు రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. ఇప్పుడున్న అంచనా 3 డిగ్రీలు, కాస్త అటూ ఇటూగా 2.5 నుంచి 4. కంప్యూటర్లు, ఉపగ్రహాలు లేని రోజుల్లో ఆయన అంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1938లో గై క్యాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు ప్రపంచంలోని 147 వాతావరణ కేంద్రాల రికార్డులు చేత్తో కూడి, భూమి అప్పటికే వేడెక్కుతోందని చూపించాడు. ఎవరూ పెద్దగా నమ్మలేదు. వాయువు నిజంగా పెరుగుతోందని చూపించే నికరమైన కొలత అప్పటికి లేదు.

ఆ కొలత 1958లో మొదలైంది. దీని గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఇది సైన్సు చరిత్రలోనే గొప్ప పట్టుదల.

చార్లెస్ డేవిడ్ కీలింగ్ అప్పటికి ముప్పై ఏళ్ల కుర్రాడు. గాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను అందరూ కొలిచేవాళ్లే, కానీ ఒకరికొచ్చిన అంకె ఇంకొకరికి రాదు. పక్కన ఫ్యాక్టరీ ఉంటే ఒకలా, అడవి ఉంటే ఒకలా వచ్చేది. కీలింగ్ ఆ గోల ఏమీ లేని చోటు వెతికాడు. పసిఫిక్ సముద్రం మధ్యలో హవాయి దీవి, అక్కడ మౌనా లోవా అగ్నిపర్వతం, దాని వాలు మీద 3,400 మీటర్ల ఎత్తులో చెట్టూ చేమా లేని నల్లటి లావా నేల. అక్కడ యంత్రం పెట్టాడు. 1958 మార్చిలో వచ్చిన మొదటి అంకె 313. అంటే గాల్లో ప్రతి పది లక్షల అణువుల్లో 313 ఈ వాయువు అణువులు.

ఏప్రిల్‌లో అంకె పెరిగింది, మే నెలలో ఇంకా పెరిగింది. తర్వాత తగ్గడం మొదలైంది. యంత్రం పాడైందేమోనని మొదట ఆయనకు అనుమానం. మరుసటి ఏడాదీ అలాగే జరిగింది. అప్పుడు అర్థమైంది, అది భూమి ఊపిరి! భూమి మీద ఎక్కువ నేల, ఎక్కువ అడవి ఉత్తరార్ధగోళంలోనే ఉంది. అక్కడ వేసవిలో ఆకులు వేసినప్పుడు చెట్లు గాల్లోంచి కార్బన్ తీసుకుంటాయి, అంకె తగ్గుతుంది. ఆకులు రాలి కుళ్లినప్పుడు అది తిరిగి గాల్లోకి వస్తుంది, అంకె పెరుగుతుంది. ఏటా ఇదే వరుస. ఒక మనిషి ఒక కొండ మీద కూర్చుని సగం భూగోళం ఊపిరి తీయడాన్ని కాగితం మీద గీతగా చూశాడు.

కానీ ఊపిరి తీసి వదిలాక గీత మొదలైన చోటికి రాలేదు. ప్రతి ఏడాదీ కొంచెం పైన ఆగింది. 1964లో డబ్బులు ఆపేస్తే కొన్ని నెలలు కొలతే లేదు. ఆ రేఖాపటంలో ఆ ఖాళీ ఇప్పటికీ కనిపిస్తుంది. కీలింగ్ బతిమాలి, పోట్లాడి మళ్లీ మొదలుపెట్టించాడు. 2005లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. 1960ల్లో ఆ అంకె ఏడాదికి ఒకటి కంటే తక్కువ పెరిగేది. ఇప్పుడు రెండున్నర దాకా పెరుగుతోంది. 2013లో మొదటిసారి 400 తాకింది. 2024 సగటు 424.

మరి 1958కి ముందు? దానికి సాక్ష్యం మంచులో ఉంది. అంటార్కిటికాలో కురిసిన మంచు కరగదు. ఒక ఏడాది మంచు మీద ఇంకో ఏడాది మంచు పడి, బరువుకి గట్టిపడి, మధ్యలో ఉన్న గాలిని బుడగలుగా బంధిస్తుంది. 1965లో క్లోద్ లోరియస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అంటార్కిటికాలోనే ఒక సాయంత్రం పాత మంచు ముక్క గ్లాసులో వేసుకున్నాడు. అది కరుగుతూ బుడగలు వదలడం చూసి, ఇది ఏ కాలం నాటి గాలో కదా అనుకున్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వి, 8 లక్షల ఏళ్ల నాటి గాలిని బయటికి తీశారు. ఆ 8 లక్షల ఏళ్లలో మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. కార్బన్ డయాక్సైడ్ 180కి తగ్గింది, 280, 300 దాకా పెరిగింది. 300 మాత్రం దాటలేదు. పరిశ్రమలు మొదలయ్యే ముందు 280 ఉంది. ఇప్పటి 424 ఆ మొత్తం చరిత్రలో ఎక్కడా లేదు.

సరే, పెరిగిందని ఒప్పుకున్నాం. అది మన పొయ్యిల్లోంచి, ఇంజన్లలోంచి వచ్చిందేనని ఎలా చెప్పగలం? అగ్నిపర్వతాలది కావచ్చు, సముద్రంలోంచి రావచ్చు. ఈ అనుమానం రావాల్సిందే. దీనికి జవాబు కార్బన్‌లోనే రాసి ఉంది.

కార్బన్‌లో మూడు రకాలున్నాయి, బరువుల్లో తేడా: 12, 13, 14. కార్బన్ 14 రేడియోధార్మికం. సుమారు 5,700 ఏళ్లకు సగం, మళ్లీ 5,700 ఏళ్లకు అందులో సగం చొప్పున తరిగిపోతుంది. బతికున్న చెట్టులో అది ఉంటుంది. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ల కిందటివి కాబట్టి వాటిలో ఒక్క పిసరు కూడా మిగల్లేదు. గాల్లో కొత్తగా చేరే కార్బన్ అడవులదో, నేలదో అయితే కార్బన్ 14 నిష్పత్తి పెద్దగా మారకూడదు. పాతాళంలోంచి తవ్వి తీసినదైతే అది పలచబడాలి. హాన్స్ స్యూస్ 1955లోనే చెట్ల వలయాల్లో కొలిచి చూపించాడు, అది పలచబడుతోంది. అగ్నిపర్వతాల కార్బన్‌లోనూ 14 ఉండదు కదా అని మీరడగొచ్చు. నిజమే. అక్కడే కార్బన్ 13 పనికొస్తుంది. చెట్లు తేలికైన కార్బన్‌నే ఇష్టంగా తీసుకుంటాయి. అందుకే చెట్టుచేమల నుంచి పుట్టిన బొగ్గు, చమురుల్లో కార్బన్ 13 తక్కువ. అగ్నిపర్వతాల కార్బన్‌లో అలా తక్కువ ఉండదు. గాల్లో కార్బన్ 13 నిష్పత్తి కూడా తగ్గుతోంది. రెండూ ఒకేసారి తగ్గాలంటే, అది ఒకప్పుడు చెట్లూ నాచూ అయి ఉండాలి, కోట్ల ఏళ్లు నేల కింద ఉండి ఉండాలి. అలాంటిది బొగ్గు, చమురు, గ్యాసు తప్ప ఇంకేముంది?

ఇంకొకటి కూడా చూడండి. మొదట్లో చెప్పాను, కాలినప్పుడు గాల్లోని ఆక్సిజన్ కలుస్తుందని. అయితే గాల్లో ఆక్సిజన్ తగ్గాలి కదా? కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి అదే కొలుస్తున్నాడు. తగ్గుతోంది. ఊపిరాడని పరిస్థితి వచ్చేంత కాదు, దానికి భయపడొద్దు. కానీ తగ్గుదల కనబడుతోంది, అది కాల్చిన ఇంధనం లెక్కకు సరిపోతోంది. సముద్రంలోంచో అగ్నిపర్వతంలోంచో వాయువు ఊరికే బయటికొస్తే ఆక్సిజన్ తగ్గాల్సిన పనేముంది? ఇక అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు.

సూర్యుడే వేడెక్కుతున్నాడేమో అన్న వాదన కూడా ఉంది. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి శక్తిని నేరుగా కొలుస్తున్నాయి. 11 ఏళ్లకోసారి కొద్దిగా హెచ్చుతగ్గులున్నాయి తప్ప పెరుగుదల లేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం పైనుంచి కింది దాకా వేడెక్కాలి. నిజంగా జరిగింది వేరు. కింది పొర వేడెక్కింది, పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడింది. పై పొర చల్లబడడానికి ఓజోన్ తగ్గడం కొంత కారణం, అయితే ఇంకా పైకి వెళ్లేకొద్దీ ఆ ముద్ర కార్బన్ డయాక్సైడ్‌దే. స్యుకురో మనాబె, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్క వేసి ఇలా జరుగుతుందని చెప్పారు, అప్పటికి దాన్ని ఎవరూ కొలవలేదు. మనాబెకి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

భూమి వాతావరణం ఇదివరకూ మారింది కదా అంటారు. మారింది, కాదనేవాళ్లెవరూ లేరు. కిందటి మంచు యుగం ముగిసి ఇప్పటి వాతావరణం రావడానికి 5, 6 డిగ్రీల వేడి, దాదాపు 10 వేల ఏళ్లు పట్టాయి. 1850 తర్వాతి యాభై ఏళ్లతో పోలిస్తే 2011 నుంచి 2020 వరకు సగటు 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024లో ఒక్క ఏడాది లెక్క 1.5 డిగ్రీలు దాటింది. వేగంలో తేడా అక్కడుంది. చెట్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి విత్తనాల మీద ప్రయాణం చేయడానికి ఆ పదివేల ఏళ్లు సరిపోయాయి. ఇప్పుడు వాటికి ఆ వ్యవధి లేదు.

ఒక డిగ్రీ అంటే ఎంత, పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు మారుతుంది కదా అనుకోకండి. ఇది సగటు. పరిశ్రమలకు ముందు పదేళ్లకోసారి వచ్చే తీవ్రమైన వేడి ఇప్పుడు పదేళ్లలో దాదాపు మూడుసార్లు వస్తోంది. 2 డిగ్రీలు పెరిగితే ఐదారు సార్లు వస్తుంది. డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కురిస్తే కుంభవృష్టి. ఇలా పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే తాగేసింది. సుమారు 4,000 తేలియాడే యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతుకు మునిగి, తేలి, ఈ లెక్క పంపిస్తున్నాయి. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, నేల మీది మంచు కరిగి వచ్చి చేరుతుంది. 1901 నుంచి సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. మొదట్లో ఏడాదికి 1.3 మిల్లీమీటర్లు పెరిగేది, 2006 తర్వాత 3.7. పగడాల సంగతి చెప్పాలంటే నాకు బాధేస్తుంది. 1.5 డిగ్రీల దగ్గర వాటిలో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీల దగ్గర దాదాపు ఏమీ మిగలవని అంచనా.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. ఒక క్లాసులో ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ, రేపటి నుంచి ఎవరూ ఏమీ కాల్చకపోతే ఏమవుతుంది? అయినా వేడి పెరుగుతూనే ఉంటుందా?"

చాలామంది పెద్దవాళ్లు కూడా పెరుగుతూనే ఉంటుందనుకుంటారు. ఇక ఏం చేసి ఏం లాభం అని చేతులెత్తేస్తారు. నాకు తెలిసి ఈ విషయంలో ఇంతకంటే నష్టం చేసిన అపోహ ఇంకొకటి లేదు. మనం కార్బన్ డయాక్సైడ్ వదలడం పూర్తిగా ఆపితే, వేడి పెరగడం కూడా కొన్నేళ్లలోనే దాదాపు ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడ రెండు పనులు ఎదురెదురుగా జరుగుతాయి. సముద్రం ఇంకా పూర్తిగా వేడెక్కలేదు, అది నెమ్మదిగా వేడెక్కుతూ గాలిని కూడా పైకి లాగాలని చూస్తుంది. అదే సమయంలో సముద్రం, అడవులు గాల్లోని కార్బన్‌ను తీసుకుంటూనే ఉంటాయి. కొత్తది చేరడం లేదు కాబట్టి గాల్లో అది తగ్గుతూ వస్తుంది. ఒకటి పైకి లాగితే ఇంకొకటి కిందికి లాగుతుంది, ఇంచుమించు సరిపోతాయి.

అయితే చల్లబడదు. చేరిన వేడి చేరినట్టే వందల ఏళ్లు ఉంటుంది. అంటే ఎంత వేడెక్కుతామన్నది ఇప్పటిదాకా మొత్తం ఎంత వదిలామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. లక్ష కోట్ల టన్నులు వదిలితే సుమారు 0.45 డిగ్రీలు. 1850 నుంచి 2019 దాకా వదిలింది 2.4 లక్షల కోట్ల టన్నులు. ఇందుకే "తగ్గించాం" అంటే నాకు సరిపోదు. ఏడాదికి 3,700 కోట్ల టన్నులు వదిలేవాళ్లం 3,000 కోట్లకు తగ్గితే, వేడి పెరగడం నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. బాకీ పెరగడం ఆగాలంటే కొత్త అప్పు సున్నా కావాలి. ఇంకో పక్క, 1.5 దాటిపోయింది కాబట్టి అంతా అయిపోయింది అనడానికీ వీల్లేదు. 1.7 దగ్గర ఆగడానికీ 1.9 దగ్గర ఆగడానికీ తేడా కోట్లమంది జీవితాలది. ప్రస్తుత విధానాలే కొనసాగితే ఈ శతాబ్దం చివరికి 3 డిగ్రీలకు అటూ ఇటూగా చేరతాం.

ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వేడిని పట్టుకునే వాయువులన్నీ (వీటినే హరితగృహ వాయువులంటారు) కలిపి 2019 లెక్కల్లో విద్యుత్తు, ఇంధన రంగం 34 శాతం, పరిశ్రమలు 24, వ్యవసాయం, అడవులు, భూవినియోగం 22, రవాణా 15, భవనాలు నేరుగా 6.

విద్యుత్తు దగ్గర దారి దొరికింది. 2010 నుంచి 2019 లోపల సోలార్ కరెంటు ఖర్చు 85 శాతం, గాలిమరల కరెంటు 55 శాతం, లిథియం బ్యాటరీల ధర 85 శాతం పడిపోయాయి. 2024లో ప్రపంచ విద్యుత్తులో 40 శాతానికి పైగా బొగ్గు, గ్యాసు, చమురు లేకుండా వచ్చింది. జల, అణు విద్యుత్తు కూడా ఇందులో ఉన్నాయి. పొద్దుగూకాక సోలార్ ఉండదు కదా అంటే, నిజమే, అందుకే బ్యాటరీలు, దూరప్రాంతాలను కలిపే లైన్లు, నీటిని పైకి తోడి మళ్లీ వదిలే జలాశయాలు కావాలి. ఇవి కష్టమైన ఇంజనీరింగ్ పనులు, కానీ ఎలా చేయాలో తెలిసినవే. రవాణాలో కూడా అంతే. పెట్రోలు ఇంజన్ తాగిన శక్తిలో చక్రాల దాకా చేరేది పావు వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతాది వేడిగా పోతుంది. బ్యాటరీతో నడిచే కరెంటు బండిలో 80 శాతం దాకా చక్రాలకు అందుతుంది. అంటే ఇప్పుడు కాలుస్తున్నంత శక్తి మొత్తాన్ని కరెంటుతో భర్తీ చేయనక్కరలేదు.

సిమెంటు దగ్గర మాత్రం చిక్కుంది, అది చాలామందికి తెలియదు. సున్నపు బట్టీలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అది కాల్చిన బొగ్గుది కాదు, రాయిలోదే. బట్టీని సోలార్ కరెంటుతో వేడిచేసినా ఆ 44 కిలోలు రావాల్సిందే. సిమెంటు వల్ల వచ్చే వాయువులో సగానికి పైగా ఇలా రాయిలోంచి వచ్చేదే. అందుకే సున్నం పాళ్లు తగ్గించి బూడిద, ఉక్కు కొలిమి చిట్టెం, కాల్చిన బంకమట్టి కలుపుతున్నారు, మిగిలినదాన్ని గొట్టం దగ్గరే పట్టుకోవాలని చూస్తున్నారు. అన్నిటికంటే ముందు, అవసరానికి మించి కట్టకుండా ఉండడం.

మీథేన్ గురించి ఒక్క మాట. అది గాల్లో 12 ఏళ్లు మాత్రమే ఉంటుంది, కానీ ఉన్నన్నాళ్లూ దంచేస్తుంది. 20 ఏళ్ల లెక్కలో టన్నుకు టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు. గ్యాసు పైపుల లీకులు, బొగ్గు గనులు, చెత్త కుప్పలు, పశువులు, నీళ్లు నిలిచిన వరి మళ్లు దీని మూలాలు. పైపు లీకును ఆపడం వీటన్నిట్లోకీ తేలిక, ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది. ఇంత తేలికైన పని ఇంకా పూర్తి కాకపోవడం నాకు మింగుడుపడదు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ విషయంలో ఆ మాట సరిపోదు, పిడికిళ్లు సమానంగా లేవు. ప్రపంచంలో ఎక్కువగా వదిలే 10 శాతం కుటుంబాల వాటా మొత్తంలో 34 నుంచి 45 శాతం. కింది సగం జనాభా వాటా 13 నుంచి 15 శాతం. వేడికి ముందు బలయ్యేది ఆ కింది సగమే. అందరం ఒకేలా తగ్గించుకోవాలని చెప్పడం నా దృష్టిలో అన్యాయం. ఇంటింటి పొదుపు మంచిదే, కానీ కరెంటు ఎలా తయారవ్వాలో, ఊళ్లలో బస్సులు నడవాలో లేదో నిర్ణయించేది ప్రభుత్వాలు. ఓజోన్ పొర విషయంలో 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది, తర్వాత దేశాలన్నీ అందులో చేరాయి, ఆ పొరను దెబ్బతీసే రసాయనాలు దాదాపుగా మానేశాయి, పొర కోలుకుంటోంది. అందరూ కలిసి ఏదీ చేయలేరన్న మాట నేను ఒప్పుకోను.

చివరగా చెట్ల సంగతి. చెట్లు నాటి సరిపెట్టుకోవచ్చు కదా, లేకపోతే గాల్లోంచి వాయువును తిరిగి పీల్చే యంత్రాలు పెట్టొచ్చు కదా అని అడుగుతారు. అడవులను కాపాడాల్సిందే, పెంచాల్సిందే. అయితే చెట్టులో దాచిన కార్బన్ ఒక్క కార్చిచ్చుతో తిరిగి గాల్లోకి వస్తుంది. బొగ్గుగా నేల కింద ఉన్నప్పుడు దానికి ఆ భయం లేదు. యంత్రాలూ ఉన్నాయి, ఎలాగూ ఆపలేని కొద్దిపాటి వాయువు కోసం అవి కావాలి కూడా. కానీ గాల్లో ఇప్పుడు ప్రతి 2,400 అణువుల్లో ఒక్కటే కార్బన్ డయాక్సైడ్. దాన్ని ఏరడం ఎంత పనో మన మొదటి లెక్కతోనే చూద్దాం. ఘనపు మీటరు గాల్లో ఈ వాయువు ముప్పావు గ్రాము ఉంటుంది. మనం వదిలిన 2.3 కిలోలు తిరిగి పట్టుకోవాలంటే, ఒక్క అణువు కూడా తప్పిపోకుండా, సుమారు 3,000 ఘనపు మీటర్ల గాలిని జల్లెడ పట్టాలి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదులు పది, వాటి నిండా ఉన్న గాలి. ఒక్క లీటరు పెట్రోలుకి!

ఇక మీ ప్రశ్నలు అడగండి.